పదాల పటంలో పదాలకంటే గీతలే ముఖ్యం

"వర్డ్ క్లౌడ్‌లు, వర్డ్ మ్యాపులు లాంటి టూల్స్‌తో భాషా తరగతుల్లో పదాలు నేర్పడం నిజంగా పనిచేస్తుందా, లేక కాసేపు హడావుడేనా?" అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో తెలుగు టీచర్‌ని. నా జవాబు సూటిగా చెప్తాను. వర్డ్ క్లౌడ్, అంటే పాఠంలో ఎక్కువసార్లు వచ్చిన మాటల్ని పెద్దగా చూపించే బొమ్మ, పనిచేయదు. పదాల పటం, అంటే మాటల్ని సున్నాల్లో పెట్టి గీతలతో కలిపే వర్డ్ మ్యాప్, పనిచేస్తుంది, అది కూడా పిల్లలే గీస్తే, గీసిన ప్రతి గీత మీదా ఒక మాట రాస్తే.

ముందు నా క్లాసు గురించి కొంచెం చెప్పాలి. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టంతో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ అని తేడా లేకుండా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. అందువల్ల నా ముందు కూర్చునే పిల్లల్లో ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్లు ఉంటారు, మరాఠీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు, ఇంట్లో తెలుగే అయినా సగం మాటలు ఇంగ్లిష్‌లో నడిపేవాళ్లూ ఉంటారు. ఈ చివరి రకం పిల్లలతోనే నాకు ఎక్కువ పని. తమకు తెలుగు వచ్చని వాళ్లు అనుకుంటారు, వాళ్ల అమ్మానాన్నలూ అనుకుంటారు. కానీ వాళ్ల మాట వినండి: కట్ చేయి, గ్రైండ్ చేయి, ఫ్రై చేయి, మిక్స్ చేయి, క్లీన్ చేయి. లోకంలో ఉన్న పనులన్నిటికీ ఒక్కటే క్రియ. కూర తరగడం, కొబ్బరి తురమడం, బట్ట కత్తిరించడం, కట్టె చీల్చడం, పూలు కోయడం అన్నీ "కట్ చేయడం" అయిపోయాయి. బల్ల, చెట్టు, నీళ్లు లాంటి నామవాచకాలకు ఇంకా ఢోకా లేదు. ముందు పోతున్నవి క్రియలు. భాష పిల్లల నోట్లోంచి జారిపోవడం ఇక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. అందుకే పదాలు నేర్పే టూల్ ఏది చూసినా నేను అడిగేది ఒకటే: ఇది క్రియలు నేర్పుతుందా?

వర్డ్ క్లౌడ్ నేర్పదు. 2008లో జొనాథన్ ఫైన్‌బర్గ్ పెట్టిన వర్డిల్ అనే వెబ్‌సైట్ (ఇప్పుడు అందరూ ఆడే ఐదక్షరాల ఆట కాదు, దానికంటే ముందుది) వచ్చాక టీచర్లందరికీ అదొక సరదా అయింది. పాఠం అందులో పెడితే ఎక్కువసార్లు వచ్చిన మాట పెద్దగా కనిపిస్తుంది. బాగానే ఉంది. కానీ తెలుగు కథ ఒకటి తీసుకుని చూడండి. అందులో పెద్దగా కనిపించేవి "అని", "ఒక", "ఆ", "కూడా". ఇల్లు అనే మాట కథలో ఎన్నిసార్లు వచ్చినా "ఇల్లు", "ఇంట్లో", "ఇంటికి", "ఇళ్లు" అని ముక్కలైపోయి ఎక్కడో మూల చిన్నగా పడి ఉంటుంది. క్రియల సంగతి చెప్పక్కర్లేదు. వచ్చాడు, వచ్చింది, వస్తే, రావాలి, రాలేదు... దేనికదే వేరే మాట. విభక్తులు, ప్రత్యయాలు మాటకు అతుక్కుపోయే భాషలో ఖాళీల మధ్య ఉన్నవాటిని లెక్కపెడితే ఏం తేలుతుంది?

దీనికంటే బాధ కలిగించేది ఇంకోటి ఉంది. మా స్కూల్లో కంప్యూటర్ సైన్స్ చెప్పే సర్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఒక వర్డ్ క్లౌడ్ తయారుచేసి ఇచ్చారు. మొదట అన్నీ డబ్బాలే వచ్చాయి, ఫాంట్ లేక. ఫాంట్ పెట్టాక చూస్తే "అమ్మ" స్థానంలో "అమ" ఉంది. "అక్క" స్థానంలో "అక". "పచ్చడి" రెండు ముక్కలై "పచ", "చడ" అయింది. "పలక", "పడవ" లాంటివి మాత్రం చక్కగా ఉన్నాయి. కారణం సర్ చెప్పారు. ఆ ప్రోగ్రాం అక్షరాలనుకునేది అచ్చుల్ని, హల్లుల్ని మాత్రమే. గుణింతపు గుర్తు గానీ, ఒత్తు కోసం పెట్టే పొల్లు గానీ కనిపిస్తే మాట అక్కడితో అయిపోయిందనుకుంటుంది. అంటే తలకట్టు తప్ప ఇంకే గుణింతమూ లేని మాటలే బతుకుతాయి! సర్ దాన్ని సరిచేశారు, పెద్ద పని కూడా కాదట. కానీ కంప్యూటర్ తెలిసినవాళ్లు పక్కన లేని టీచర్ గతేమిటి? కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ వాడే యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగు 1991 నుంచి ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా "అమ్మ"ని "అమ" చేసే టూల్ పిల్లలకి చూపించాలంటే నాకు మనసొప్పదు.

ఇప్పుడు పదాల పటం సంగతి. ఆరో తరగతిలో వంట మాటలు చెప్తున్నప్పుడు జరిగింది. స్మార్ట్ బోర్డు మీద ఒక మామూలు మైండ్ మ్యాప్ ప్రోగ్రాం తెరిచాను. అందులో ముందే నింపిన మాటలేవీ ఉండవు. సున్నాలు మనమే పెట్టుకోవాలి, గీతలు మనమే గీసుకోవాలి, గీత మీద మాట రాసుకోవచ్చు. మధ్యలో సున్నా గీసి "గ్రైండ్ చేయి" అని రాశాను. "మీ ఇంట్లో ఏమేం గ్రైండ్ చేస్తారు?" అని అడిగితే ఇడ్లీ పిండి, చట్నీ, మసాలా, కారప్పొడి అని గోల గోలగా చెప్పారు. ఒక్కోదానికీ ఒక్కో సున్నా పెట్టాను. "దేనితో?" అంటే అందరూ ఒకే గొంతుతో "మిక్సీ!" గీతలన్నీ వెళ్లి మిక్సీ దగ్గరే కలిశాయి.

"మిక్సీ లేనప్పుడో?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఉండేది, వాళ్లది కరీంనగర్ వైపు. "టీచర్, మా నానమ్మ దగ్గర ఇసుర్రాయి ఉన్నది" అంది. ఎలా ఉంటుందో చెప్పమ్మా అంటే లేచి నిలబడి చేతులతో చూపించింది. కింద ఒక రాయి, పైన ఒక రాయి, పై రాయికి ఒక పక్క కట్టె పిడి, నడిమిట్ల బొక్క. ఒక చేత్తో పిడి పట్టుకుని తిప్పుతూ ఇంకో చేత్తో పిడికెడు పిడికెడు కందులు పోయాలి. "కందులు ఇసిరితే పప్పయితది టీచర్" అంది. క్లాసంతా ఆ పిల్ల చెయ్యి గుండ్రంగా తిరగడమే చూస్తోంది. "ఇసుర్రాయి" అని సున్నా పెట్టి, కందుల దగ్గర్నుంచి దానికి గీత గీసి, గీత మీద "విసురు" అని రాశాను.

అక్కడ్నుంచి ఇక నేను ఆపలేకపోయాను. వాళ్ల అమ్మమ్మది గుడివాడ అని చెప్పే అబ్బాయి ఒకడు "దాన్ని తిరగలి అంటారు టీచర్, ఇసుర్రాయి కాదు" అని లేచాడు. రెండూ ఒకటేనని ఇంకో సున్నా పెట్టి మధ్య గీత మీద "అదే" అని రాయించాను. ఒకరు రోలు అన్నారు, దాన్నుంచి పిండికి "రుబ్బు". ఇంకొకరు రోకలి, దాన్నుంచి కారానికి "దంచు". సన్నికల్లు పేరు ఎవరికీ తెలియదు గానీ ఒకరింట్లో అలాంటి రాయి ఉందట, మసాలా ముద్ద చేస్తారట. పేరు నేను చెప్పాను. గీత మీద "నూరు". ఇంట్లో హిందీ మాట్లాడే అబ్బాయి ఒకడు "మేం గోధుమలు చక్కీకి తీసుకెళ్తాం" అన్నాడు. ఆ కరీంనగర్ అమ్మాయే తిరిగి "గిర్నీ! గిర్నీల పిండి పట్టిస్తరు" అని వాడికి అందించింది. వాడే బోర్డు దగ్గరికి వచ్చి గిర్నీకీ గోధుమలకీ గీత గీసి "పట్టించు" అని రాశాడు. తప్పులేకుండా రాశాడు.

చివర్లో చూస్తే మధ్యనున్న "గ్రైండ్ చేయి" సున్నాకి పని లేకుండా పోయింది. గీతలన్నీ దాన్ని దాటి వెళ్లిపోయాయి. ముందు బెంచీ పిల్ల "ఇది తీసేద్దామా టీచర్?" అంది. తీసేశాం.

ఆ రోజు భోజనాల దగ్గర ఇద్దరు వాదించుకుంటుంటే విన్నాను, గ్రైండర్లో పప్పు వేస్తే అది రుబ్బడమా కాదా అని. ఏ వర్క్‌షీటూ ఆ వాదన పుట్టించలేదు. తర్వాత "మా వంటిల్లు" అని వ్యాసం రాయిస్తే రుబ్బడం, దంచడం, నూరడం ఎక్కడికక్కడ సరిగ్గా పడ్డాయి. పేరు పెట్టిన గీత వల్లే ఇది జరిగిందని నేను ఎవరి ముందైనా చెప్తాను. రోలు గుర్తొస్తే రుబ్బడం గుర్తొస్తుంది, ఇసుర్రాయి గుర్తొస్తే విసరడం గుర్తొస్తుంది.

చాలామంది ఇక్కడే పొరపడతారు, గీత మీద పేరు లేని పటమైనా చాలనుకుంటారు. ఇంగ్లిష్‌కి తయారుగా దొరికే పదాల మ్యాపులు చాలావరకు వర్డ్‌నెట్ మీద, అంటే ఇంగ్లిష్ మాటల్ని అర్థాల చుట్టరికాన్ని బట్టి కలిపిపెట్టిన నిఘంటువు లాంటిదాని మీద, కట్టినవి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో మొదలుపెట్టిన పని అది. గొప్ప పని. కానీ దాన్ని తెర మీద బొమ్మగా చూపించేటప్పుడు అర్థం దగ్గరగా ఉన్న మాటలన్నీ ఒక గుంపుగా వచ్చి కూర్చుంటాయి, గీతలన్నీ ఒకేలా కనిపిస్తాయి. చుట్టరికం చెప్పకుండా చుట్టాలందర్నీ ఒకేసారి చూపించినట్టు. మన భాషలకి ఐఐటీ బాంబే చొరవతో ఇండోవర్డ్‌నెట్ ఉంది, అందులో తెలుగూ ఉంది. అయితే దాన్ని హిందీ వర్డ్‌నెట్‌ని ఆధారంగా పెట్టుకుని కట్టుకుంటూ వచ్చారు. పరిశోధనకి అది సరిపోతుందేమో, నా ఆరో తరగతికి సరిపోదు.

అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని ఒకేచోట కుప్పపోసి నేర్పితే మేలుకంటే గందరగోళమే ఎక్కువని పరిశోధనలు కూడా ఉన్నాయి. థామస్ టింకమ్ అనే ఆయన 1990లలో చూపించాడు. చొక్కా, కోటు, స్వెటర్ లాంటి ఒకే జాతి మాటలు కలిపి నేర్పితే ఒకదానితో ఒకటి కలిసిపోయి నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. కప్ప, చెరువు, గెంతు, ఆకుపచ్చ లాంటి ఒకే దృశ్యంలోని మాటలైతే తేలిగ్గా వస్తాయి. రుబ్బు, దంచు, నూరు, విసురు కూడా ఒకే జాతివి కదా అని మీరు అడగొచ్చు. వాటిని ఉత్తగా వరసపెట్టి ఇస్తే నిజంగానే కలిసిపోతాయి, నాకు అనుమానం లేదు. ఒక్కోదానికీ దాని రాయి, దాని గింజ తగిలించాం కాబట్టి కలవలేదు.

మరి మన పుస్తకాల్లో ఏం చేస్తున్నాం? పర్యాయపదాలు! పద్మం, కమలం, తామర, నళినం, అరవిందం. పిల్లలు గడగడ అప్పజెప్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లాడి చేతిలో గ్లాసు వంగి నీళ్లు పడితే "ఒలికాయి" అనడం రాదు, "స్పిల్ అయింది" అంటాడు. తామరకి ఐదు పేర్లు తెలిసి ఏం లాభం? పేరెంట్స్ మీటింగ్‌లో "ఈ రోళ్లూ రోకళ్లూ ఇప్పుడెందుకు మేడమ్, పర్యాయపదాల పీడీఎఫ్ ఒకటి పంపండి" అన్న నాన్నగారు ఒకరున్నారు. రోలు ఇంట్లో లేకపోయినా ఇడ్లీ పిండి ప్రతి ఇంట్లోనూ రుబ్బుతూనే ఉన్నారండీ, ఆ పనికి మన మాట ఉంది, పిల్లాడికి అది దక్కాలి అని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. నా అభిప్రాయమూ మారలేదు.

టూల్స్ తయారుచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. తెలుగులో ఇలాంటి పటానికి కావలసిన సరుకు ఇప్పటికే పోగై ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం చూడండి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండోది 1971లో చేనేత పదాలతో వచ్చాయి. రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లి ఏ పనికి, ఏ పరికరానికి, ఏ జిల్లాలో ఏమంటారో అడిగి రాసుకొచ్చిన మాటలవి. ఇసుర్రాయికీ తిరగలికీ మధ్య మా పిల్లలు గీసిన "అదే" గీత లాంటివి అందులో అడుగడుగునా ఉన్నాయి. దాన్ని తెర మీద పెట్టి, జిల్లా నొక్కితే మాట మారేలా చేస్తే, రాష్ట్రంలో ప్రతి తెలుగు టీచరూ వాడుకుంటారు.

ఇక మీరు క్లాసులో ఏం చేయాలంటే, స్మార్ట్ బోర్డు లేకపోతే టెన్షన్ పడకండి, సుద్దముక్క చాలు. ఒక ఇంటి పనిని మధ్యలో పెట్టండి. ఉతకడం బాగుంటుంది: నానబెట్టు, జాడించు, పిండు, ఆరేయి, మడతపెట్టు అన్నీ వస్తాయి. వస్తువులు సున్నాల్లో రాయండి, క్రియలు గీతల మీద రాయండి. ఇంటి దగ్గర వేరే మాట వింటే తెచ్చి చేర్చమనండి, తప్పు అనకండి. మర్నాడు అదే పటం వేసి గీతల మీది మాటలు మాత్రం చెరిపేసి పిల్లల చేత నింపించండి. చాలామంది టీచర్లు సున్నాలు చెరిపి పరీక్ష పెడతారు. అలా చేస్తే మళ్లీ నామవాచకాల దగ్గరికే వస్తాం. ఉతకడం పటంలో మా పిల్లలకి ఎక్కువ ఇబ్బంది పెట్టింది "జాడించు". బకెట్లో బట్ట వేసి ఒక్కసారి చేసి చూపించాక ఇక ఎవరూ మర్చిపోలేదు.