స్కానింగ్‌లో బిడ్డ బాగుందన్నారు.. నాకే ఊరికే ఏడుపొస్తోంది!

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు. ఇప్పుడు ఏడో నెల. రెండేళ్ల క్రితం ఐదో నెలలో అబార్షన్ అయింది. ఈసారి స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయన్నారు. నాకు మాత్రం రోజూ రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. బిడ్డ కదులుతోందా లేదా అని పొట్ట మీద చెయ్యి వేసుకుని తెల్లారేదాకా కూర్చుంటున్నాను. ఊరికే ఏడుపొస్తోంది. మా అత్తగారు ‘కడుపుతో ఉన్నదానివి, ఏడిస్తే బిడ్డకు మంచిది కాదు’ అంటారు. అందుకే బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తున్నాను. అప్పట్లో అబార్షన్ అయ్యాక మనసు బాగోలేదని సెర్ట్రలిన్ మాత్ర రాశారు. ఈసారి నెల తప్పిందని తెలియగానే దాన్ని ఆపేశాను. చెకప్‌లో ఇదంతా చెప్పాలా, వద్దా?
- ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: చెప్పండమ్మా. వచ్చే చెకప్ దాకా కూడా ఆగొద్దు, ఈ వారంలోనే వెళ్లి చెప్పండి. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్న తల్లి మళ్లీ కడుపుతో ఉంటే భయం లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ భయం రోజూ మీ నిద్రను తినేస్తుంటే, ఏడవడానికి చోటు వెతుక్కోవాల్సి వస్తుంటే, దానికి వైద్యం అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 100కి 15 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతుంటారు. ఓపీలో 20 మంది గర్భిణులు వరసలో కూర్చుంటే వారిలో ముగ్గురన్నమాట.

ఆ ముగ్గురూ మాకు ఎందుకు కనపడరంటే, మేం అడగం కాబట్టి. బరువు, బీపీ, కాళ్ల వాపు, పొట్ట ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు.. అన్నీ ఐదు నిమిషాల్లో చూసేస్తాం. ‘నిద్ర పడుతోందామ్మా?’ అంటే ‘ఆ, పడుతోంది’ అంటారు. నేను కూడా చాలా ఏళ్లు అక్కడితోనే వదిలేశాను. ఒకసారి ఒకమ్మాయిని ఏం అడిగినా పక్కన కూర్చున్న అత్తగారే జవాబు చెబుతున్నారు. ఆ పిల్ల తల దించుకుని ఫైలు అంచు మడుస్తోంది, విప్పుతోంది. ‘పరీక్ష చేయాలి, మీరు కాస్త బయట కూర్చోండమ్మా’ అని పెద్దావిడను పంపించి తలుపు వేశాను. చాలాసేపటికి నోరు విప్పింది. ‘మేడమ్, నాకు ఈ బిడ్డ మీద ప్రేమ రావట్లేదు’ అంది. ఆ మాట మూడు నెలలుగా మనసులో పెట్టుకుని తిరుగుతోందట. అప్పటి నుంచి ప్రతి గర్భిణితోనూ ఒక్కసారైనా ఒంటరిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మీ డాక్టర్ అలా చేయకపోతే మీరే అడగండి. ‘మీతో రెండు నిమిషాలు మాట్లాడాలి మేడమ్’ అంటే చాలు.

అక్కడ ఏం చేస్తారోనని భయపడకండి. మనసును అంచనా వేయడానికి సూదీ ఉండదు, స్కానింగూ ఉండదు. కొన్ని ప్రశ్నలు అడుగుతారు, అంతే. ఎక్కువగా వాడేది ఎడిన్‌బరో స్కేలు అనే ప్రశ్నపత్రం. 1987లో బాలింతల కోసం తయారైంది, ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నాం. పది ప్రశ్నలుంటాయి, అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. నవ్వుకోగలుగుతున్నారా, తప్పు మీది కాకపోయినా మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారా, కారణం లేకుండా కంగారు పుడుతోందా, ఇలా ఉంటాయి. అలసట, ఆకలి గురించి అందులో అడగరు. ఏడో నెలలో ఎవరికైనా అవి తేడాగానే ఉంటాయి కదా! నిద్ర గురించి అడిగినా, దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా అనే అడుగుతారు. మీ విషయమే చూడండి. రాత్రి మూత్రానికి లేచి, వచ్చి మళ్లీ పడుకుంటే అది కడుపుతో ఉన్నప్పుడు మామూలే. మీరు లేచాక తెల్లారేదాకా కూర్చుంటున్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటే.

ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 30. సాధారణంగా 13 గానీ, అంతకుమించి గానీ వస్తే వివరంగా పరీక్షించాలి. ఆ మార్కులు చూసి జబ్బు పేరు పెట్టేయరు, ఇంకా లోతుగా మాట్లాడతారు. పదో ప్రశ్న మాత్రం వేరు. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడిగేది అదే. మొత్తం మార్కులు తక్కువే ఉన్నా, దానికి ‘వచ్చింది’ అంటే ఆ రోజే పట్టించుకుంటాం. దాంతోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తారు. వాటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనతే.

ఇక మాత్ర సంగతి. ఆపేసినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, బిడ్డ కోసమే ఆపారు. అయితే ఇలాంటి మందులు ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. మీకు జరిగింది అదే కావచ్చు. గర్భిణులకు డిప్రెషన్ మందు అవసరమైనప్పుడు మేం ఎక్కువగా వాడే వాటిలో సెర్ట్రలిన్ ఒకటి. అలాగని పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుని మొదలుపెట్టకండి. మందు వల్ల ఉండే కొద్దిపాటి రిస్కునూ, జబ్బును వదిలేస్తే తల్లీబిడ్డలకు జరిగే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి గైనకాలజిస్టు, సైకియాట్రిస్టు కలిసి మీతో మాట్లాడి నిర్ణయిస్తారు. ఇది చదివే మిగతా అక్కచెల్లెళ్లకూ ఒక మాట. ఫిట్స్‌కో, అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకో వాల్ప్రోయేట్ అనే మందు వాడుతున్నవారు పిల్లల కోసం అనుకోకముందే డాక్టర్‌ని కలవాలి, బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఆ మందుతో ఎక్కువ. ఇప్పటికే నెల తప్పి ఉంటే సొంతంగా ఆపకుండా వెంటనే వెళ్లండి.

అందరికీ మందు అక్కర్లేదు. మాటలతో చేసే వైద్యం చాలామందికి బాగా పనిచేస్తుంది. పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్ ఉన్న గర్భిణులతో పద్ధతిగా మాట్లాడేలా చేశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు, కార్యకర్తలు మామూలుగా ఇంటికి వెళ్లి పలకరించి వచ్చిన తల్లుల్లో 53 శాతం మందికి డిప్రెషన్ అలాగే ఉంటే, ఇలా మాట్లాడిన తల్లుల్లో అది 23 శాతమే.

అత్తగారి మాట ప్రేమతో వచ్చిందే, కాదనను. కానీ ఏడ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. ‘డాక్టర్ గారు చెప్పారు’ అని నా మాటగా చెప్పండి. మీ ఆయన్ని కూడా చెకప్‌కి తీసుకెళ్లండి. ‘టెన్షన్ పడకు’ అని చెప్పి అటు తిరిగి పడుకోకుండా, రాత్రి రెండింటికి లేచి మీ పక్కన కూర్చుంటే ఎంతో మేలు. పోయిన బిడ్డ గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడరనుకుంటాను. మీరిద్దరైనా మాట్లాడుకోండి. బిడ్డ కదలికలు నిజంగానే తగ్గాయనిపిస్తే మాత్రం, ‘నా భయమేలే’ అని సర్దిచెప్పుకోకుండా ఏ వేళైనా ఆసుపత్రికి వెళ్లండి. పదిసార్లు వెళ్లినా ఎవరూ ఏమీ అనకూడదు.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లో ఒకరికి చెప్పి, ఒంటరిగా ఉండకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏ వేళలోనైనా 14416కి ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో కొట్టడం, వేధించడం ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి.

త్వరలో పురుటికి మిమ్మల్ని పుట్టింటికి తీసుకెళ్తారు కదా. అక్కడ డాక్టర్ మారతారు, ఇక్కడ చెప్పుకున్నదంతా ఇక్కడే ఆగిపోతుంది. స్కానింగ్ రిపోర్టులతో పాటు ఆ ప్రశ్నపత్రం మార్కులు, మందుల చీటీ కూడా ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. మీ అమ్మగారికి ముందే అంతా చెప్పండి. కాన్పయ్యాక మొదటి రెండు వారాల్లో అస్సలు నిద్రపోకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, లేనిపోని అనుమానాలు పడుతున్నా ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టించకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురమ్మని ఆమెకు చెప్పి ఉంచండి. ఆరు వారాల చెకప్‌లో ఆ పది ప్రశ్నలూ మళ్లీ అడగమని అక్కడి డాక్టర్‌ని మీరే అడగండి.