కుక్కని ఇచ్చేస్తే గొడవ తీరిపోతుందా?

ప్రశ్న: ఆంటీ, నాకు 28 ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు. హైదరాబాద్‌లో ఉండేదాన్ని. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని భీమవరం దగ్గర అత్తగారి ఊళ్లో ఉంటున్నాం. మా ఆయన రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఏడు నెలల కిందట గడ్డిమేటు దగ్గర నెల పిల్ల దొరికితే తెచ్చి పెంచుతున్నాను, నాటు కుక్కే, పేరు పండు. పొద్దున్నా సాయంత్రం వాణ్ణి తీసుకుని కాలువ గట్టు మీద నడుస్తాను. అత్తయ్యగారికి అది నచ్చదు, ఊరి కోడలు కుక్కని పట్టుకుని గట్టెక్కడమేంటంటారు. పోయిన నెల పండు తాడు వదిలించుకుని బాతుల మందలోకి దూకాడు. రెండు బాతులు చచ్చిపోయాయి. బాతులాయన వాటిని తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. మావయ్యగారు డబ్బులిచ్చి పంపారు. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే మాట, కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్ అని. మా ఆయన అటూ మాట్లాడరు, ఇటూ మాట్లాడరు. ఆ నడక లేకపోతే నాకు ఊపిరాడదు. నాది తప్పంటారా?

జవాబు: నువ్వు ఆంటీ అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ వేసింది అందులో నాలుగో వంతు కూడా కాదు. మొత్తం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో "తాడు వదిలించుకుని దూకాడు" అని రాశావు, మూడో పేజీకి వచ్చేసరికి "రోజూ తూము దాటాక వాణ్ణి విప్పి వదిలేస్తాను, ఆ పరుగు చూస్తే ప్రాణం లేచొస్తుంది" అని రాశావు. మరి ఆ రోజు వాడే వదిలించుకున్నాడా, నువ్వే విప్పావా? నాకు చెప్పక్కర్లేదులే, నీకు తెలిస్తే చాలు.

ముందు బాతుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇంట్లో నీ మాట తేలిపోయింది అక్కడే. కోతలైన చేలల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరూరా తిరిగే మనుషులు వాళ్లు. రాలిన గింజలూ నత్తలూ తిని ఆ బాతులు గుడ్లు పెడితేనే వాళ్లకి పూట గడుస్తుంది. మందలోకి కుక్క దూరితే మనకి కనబడేది చచ్చిన రెండే. బెదిరిపోయిన మిగతావి కొన్నాళ్లు గుడ్లు సరిగ్గా పెట్టవు, ఆ నష్టం ఎవరూ కట్టివ్వరు. అందుకే ఆయన వాటిని తీసుకొచ్చి అరుగు మీద పెట్టాడు, నిన్ను అవమానించడానికి కాదు. మావయ్యగారు ఇచ్చిన డబ్బు నువ్వు ఆయనకి తిరిగిచ్చావా? ఉత్తరంలో ఎక్కడా ఆ ముక్క లేదు. నెల తిరిగేసరికి నీ అకౌంట్లో జీతం పడుతోంది కదా, ఆ డబ్బు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి "ఇది నేను కట్టాల్సింది మావయ్యగారూ" అను. ఆయన వద్దంటారు. అయినా పెట్టు. మంద ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటే బాతులాయన దగ్గరికి కూడా నువ్వే వెళ్లి మాట్లాడు, పండుని తీసుకెళ్లకుండా.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. చాలా ఏళ్ల కిందట మా కుక్క పక్కింటావిడ మేడ మీద ఆరబెట్టుకున్న గుమ్మడి వడియాల మీద హాయిగా పడుకుని నిద్రపోయింది. సారీ చెప్పాను, డబ్బులిస్తానన్నాను, అయినా ఆరు నెలలు ఆవిడ నా మొహం చూడలేదు. చివరికి నేనే గుమ్మడికాయ కొట్టించి, పిండి రుబ్బి, వడియాలు పెట్టి డబ్బాలో పోసి పట్టుకెళ్తే అప్పుడు "లోపలికి రా" అంది.

ఇక పండు. ఎనిమిది నెలల కుక్క అంటే ఇంకా పసిపిల్ల అనుకుంటున్నావు నువ్వు, కాదు. పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేశాయి, ఒంట్లో మగతనం మొదలైంది, మనుషుల్లో అయితే పదో తరగతి కుర్రాడు. మూడు నెలలప్పుడు పేరు పెట్టి పిలవగానే దొర్లుకుంటూ వచ్చినవాడు ఇప్పుడు విని కూడా విననట్టు నడుస్తాడు. ఇది ఏడాదిన్నర దాకా ఉంటుంది. ఈ వయసులో బాతులు కనబడితే తరమకుండా ఉండమని నాటు కుక్కకి చెప్పడం గాలికి చెప్పడమే. కాబట్టి తాడు విప్పకూడదు. వాడికి పరుగు కావాలంటే పాతిక ముప్ఫై అడుగుల తేలిక తాడు కొను, మెడకి కాకుండా ఛాతీకి వేసే బెల్టుకి కట్టు, లేకపోతే ఒక్క ఉరుకు ఉరికితే మెడ పట్టేస్తుంది. తాడు కొస చేతికి చుట్టుకోకు, గట్టు మీద నుంచి లాగేస్తే ఇద్దరూ కాలువలో ఉంటారు.

పిలిస్తే రావడం నేర్పడంలో అందరూ చేసే తప్పొకటుంది. గట్టు మీద వాడు గడ్డి వాసన చూసుకుంటూ ఆడుకుంటుంటే "పండూ" అని పిలుస్తాం, వస్తాడు, వెంటనే తాడు బిగించి ఇంటికి లాక్కొచ్చేస్తాం. పది రోజులు అలా జరిగితే ఆ పేరంటే ఆట అయిపోయిందని వాడికి అర్థమైపోతుంది, ఇంకెందుకు వస్తాడు? ఒక నడకలో పదిసార్లు పిలువు, వచ్చిన ప్రతిసారీ ఉడికించిన గుడ్డు ముక్కో కోడి కార్జం ముక్కో పెట్టి, మళ్లీ "పో" అని ఆ పొడుగు తాడు మీదే వదిలెయ్. పదిలో ఒక్కసారే ఇంటికి రావాలి. ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చాక తిట్టకు. బాతుల మందో మేకలో కనబడితే వాడు చెవులు నిక్కబొడుచుకోకుండా చూడగలిగేంత దూరంలో ఆగు, ముక్క పెట్టు, వెనక్కి తిరిగి వచ్చెయ్. ఒకేసారి దగ్గరికి తీసుకెళ్లి అలవాటు చేద్దామనుకోవద్దు. రోజుకి పది అడుగులు దగ్గరైతే నెలకి తేడా తెలుస్తుంది.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక చేలు ఎలా ఉంటాయో నీకు ఇంకా సరిగ్గా తెలియదు, నువ్వు హైదరాబాద్ పిల్లవి. మోళ్లలో ఎలుకలుంటాయి, వాటి కోసం పాములొస్తాయి, నాగుపామూ రక్తపింజరీ కూడా. కుక్క ముందు ముక్కు పెడుతుంది, అందుకే కాటు మూతి మీదో ముందు కాలి మీదో పడుతుంది. ఎప్పుడైనా అలా జరిగితే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ చెయ్యకు. వాణ్ణి నడిపించకుండా ఎత్తుకుని పశువుల డాక్టర్ దగ్గరికి పరుగెత్తు. ఇంకోటి, గట్ల మీద ఎలకల మందు పెడతారు, నూక బియ్యంలో నూనె కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు, ఆ వాసన కుక్కకి విందు భోజనంలా ఉంటుంది. ఎవరి చేను పక్కన నడుస్తున్నావో వాళ్లని అడగడం అలవాటు చేసుకో, "బాబాయ్, మందు పెట్టారా?" అని. మందు సంగతి తెలియడం ఒకటి, ఊళ్లో నలుగురితో మాట కలవడం ఇంకోటి. ఈ రెండోది నీకు ఇంకా అవసరం.

మే నెలలో సాయంత్రం నాలుగున్నరకి సిమెంటు రోడ్డు మీద నడిపిస్తున్నానన్నావే, చెప్పులు విప్పి ఒకసారి నువ్వు నిలబడి చూడు. అరచేయి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఆనించి అయిదు లెక్కపెట్టలేకపోతే వాడి పాదాలకీ వద్దు. పొద్దున్న అయిదున్నర, సాయంత్రం ఆరు దాటాక. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి అడుగున మిగిలిన మడుగుల్లో గుర్రపుడెక్క కుళ్లి ఉంటుంది, ఆ నీళ్లు తాగనివ్వకు, సీసాలో నీళ్లు పట్టుకెళ్లు. ఇంటికి రాగానే చెవుల సందులూ వేళ్ల సందులూ చూసి గోమార్లు తీసెయ్.

కుక్క గొడవ ఇంతే. మూణ్ణెల్లలో చాలావరకు దారిలో పడుతుంది. అసలు గొడవ మీ అత్తయ్యగారిది అనుకుంటున్నావు, ఆవిడ "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది నీ సంగతి" అన్నదాన్ని అండర్‌లైన్ చేసి మరీ పంపావు. (సామెత మాత్రం భలే వాడింది ఆవిడ.) కానీ నీ ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసి దాటేసిన వాక్యం ఇంకోటుంది: "ఆడపడుచు కొడుకు సెలవులకి వచ్చాడు, వాడి దగ్గరికి పండుని అస్సలు రానివ్వరు, వాడు ముట్టుకున్నా చేతులు కడిగిస్తారు." నువ్వు దాన్ని మడి అనుకున్నావు. నాకు అది భయంలా కనబడుతోంది. ఆవిడ వయసు వాళ్లకి కుక్క కాటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు, ఏడుస్తున్న పిల్లాణ్ణి నలుగురు పట్టుకోవడం, అయినా ఏమవుతుందో అని నెలల తరబడి బెంగ. ఆ పాత టీకా మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది, ఇప్పుడు జబ్బకి నాలుగైదు ఇంజెక్షన్లు అంతే, కానీ ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా? అసలు పండుకి రేబిస్ టీకా వేయించావా? మూడో నెలలో వేయించాలి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మళ్లీ, ఆపైన ఏడాదికోసారి. ఇంత పెద్ద ఉత్తరంలో వాడు ఎలా తోక ఊపుతాడో కూడా రాశావు గానీ టీకా మాట లేదు. వేయించకపోయి ఉంటే ఈ విషయంలో న్యాయం అత్తయ్యగారి వైపే ఉంది. ఇవాళే ఫోన్ చేసి కనుక్కుని ఈ వారంలోనే వేయించు. టీకా వేసిన కుక్కే అయినా పిల్లాణ్ణి గీరినా కరిచినా ఆ చోటు సబ్బూ నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఆ మాట ఆవిడకి నువ్వే ముందు చెప్పు, దాచిపెట్టకు.

మీ ఆయన మౌనం గురించి రెండు పేజీలు రాశావు. రొయ్యల చెరువులున్న మనిషి తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ అది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే పంట పోయినట్టే. నువ్వు గట్టెక్కే వేళకి ఆయన ఇంటికొచ్చి నిద్రలో పడతాడు, లేచేసరికి అమ్మ ఒక మాట, నువ్వు ఒక మాట. "మీ అమ్మకి చెప్పండి" అని అడగడం మానేసి, చెయ్యగలిగింది ఒకటి అడుగు: ఆదివారం పొద్దున్న నాతో పాటు గట్టు మీదికి రండి, అరగంట. మీ ఇద్దరూ పండుతో కలిసి పది ఆదివారాలు ఊరి వాళ్లకి కనబడితే "కోడలు కుక్కని పట్టుకుని" అన్న మాటలో పస ఉండదు. నువ్వే ఫ్లాస్కులో టీ పట్టుకుని చెరువుల దగ్గరికి వెళ్లినా బాగుంటుంది గానీ అక్కడ పండు వద్దు. గట్ల మీద కరెంటు వైర్లు పరిచి ఉంటాయి, వీడు కొరికే వయసులో ఉన్నాడు. పైగా చెరువులోకి కుక్క దిగితే, ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి ఆ రోజు బాగా మాట్లాడతాడు.

ఇప్పుడు నీ సంగతి. పండు రాకముందు ఏడాదిన్నర నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నావు. ఆ గట్టు అప్పుడూ ఉంది. ఒక్కసారైనా ఎక్కావా? ఎక్కలేదనే రాశావు, "ఒక్కదాన్నీ ఎందుకు వెళ్తున్నానంటే ఏం చెప్పను" అని. కుక్క వచ్చాక చెప్పడానికో కారణం దొరికింది. బిందె పట్టుకుంటే నీళ్లకి, పళ్లెం పట్టుకుంటే గుడికి, తాడు పట్టుకుంటే కుక్క కోసం. నీకోసమే నువ్వు నడుస్తున్నావని ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నువ్వు చెప్పలేదు. వాళ్ల లెక్కలో కుక్కని ఇచ్చేస్తే నీకు ఓ పని తగ్గుతుంది. ఊపిరి ఆగుతుందని వాళ్లకేం తెలుసు? అందుకే పండుని ఉంచాలా వద్దా అనే వాదనలో నువ్వు రోజూ ఓడిపోతున్నావు. ఆ వాదన పక్కన పెట్టి అత్తయ్యగారి దగ్గర కూచుని, ఆవిడ కూర తరుగుతున్నప్పుడో బియ్యం ఏరుతున్నప్పుడో, సూటిగా చెప్పు: "రోజంతా గదిలో స్క్రీన్ ముందు కూచుంటున్నాను అత్తయ్యా, రోజుకి ఓ గంట బయట తిరగకపోతే నాకు బాగోదు. కుక్క ఉన్నా లేకపోయినా వెళ్తాను." ఆ రోజే ఒప్పుకోరు. మొహం ముడుచుకుంటారు, రెండ్రోజులు గిన్నెలు గట్టిగా పెడతారు. అయినా అది నిజమైన మాట కాబట్టి ఇంట్లో నిలబడుతుంది. బదులుగా ఆవిడ అడిగేవి రెండు మూడు ఒప్పుకో: పండు వంటింట్లోకీ దేవుడి గదిలోకీ రాడు, పిల్లాడు ఉన్నంతసేపూ పండుని కట్టేసి ఉంచుతావు, వాడి తిండి ఖర్చు నీది.

అప్పటికీ కుదరకపోతే? విడిగా ఉండటం, హైదరాబాద్ వెళ్లిపోవడం గురించి అడిగావు. రెండు బాతుల మీద కాపురం తేల్చుకోకు. మూణ్ణెల్లు చూడు. కానీ ఆ గంట కూడా నీకివ్వని ఇల్లైతే అప్పుడది కుక్క విషయం కాదు, అప్పుడు నువ్వూ మీ ఆయనా వేరే మాట మాట్లాడుకోవాలి, నేనే రాయమంటాను నిన్ను.

చివరి పేజీ మూలన చిన్న అక్షరాల్లో నిద్ర పట్టట్లేదనీ, ఊరికే ఏడుపొస్తోందనీ రాశావు. అది రెండు వారాలు దాటి ఉంటే నడకతో సరిపెట్టుకోకు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. గట్టు మీద నుంచే చేసుకో, ఇంట్లో వినబడుతుందని బెంగ ఉంటే.

టీకా వేయించే రోజు అత్తయ్యగారిని కూడా ఆటో ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు, మనవడి భద్రత కోసమే అని చెప్పు. అక్కడ ఇచ్చే టీకా పుస్తకం నువ్వు దాచుకోకు, ఆవిడ చేతికే ఇవ్వు, బీరువాలో పెడతారు, వచ్చే ఏడాది తేదీ నీకంటే ముందు ఆవిడే గుర్తు చేస్తారు. బాతులాయన ఏమన్నాడో మాత్రం నాకు రాయి.