35 వేలు కట్టే ముందు ఇది చదవండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండి. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో హెచ్‌ఆర్‌లో ఉన్నారు, తాగి డ్యూటీకొచ్చే వాళ్లతో రోజూ టెన్షనే, దాంతో ఈ కౌన్సెలింగ్ పనేదో సరిగ్గా నేర్చుకుందాం అనుకున్నారు. ఈలోగా రెండు శని ఆదివారాల్లో ‘సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్’ సర్టిఫికెట్ ఇస్తాం, 35 వేలు అని ఫోన్లో ప్రకటన పడింది, కట్టాలా వద్దా అని. ఆఖర్న ఇంకో ముక్క కూడా రాశారు, దాని దగ్గరికి చివర్లో వస్తాను, నిజానికి నా కంట్లో ముందు పడింది అదే.

కట్టకండి. మొహం మీద చెప్పానని ఏమనుకోకండి, పన్నెండేళ్ల కింద నేనూ అలాంటిదే ఒకటి కట్టి, లామినేషన్ చేయించి గోడకి తగిలించుకున్నదాన్నే.

‘సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్’, పొట్టిగా ఎస్‌ఏపీ, అనే ఆ పేరు అమెరికా రవాణా శాఖ నిబంధనల్లోది. అక్కడ లారీ డ్రైవర్లు, పైలట్లు, రైలు నడిపేవాళ్లు డ్రగ్ టెస్టులోనో ఆల్కహాల్ టెస్టులోనో దొరికితే, మళ్లీ డ్యూటీ ఎక్కే ముందు ఈ ఎస్‌ఏపీ వాళ్లతో మాట్లాడి, ఏ చికిత్స కావాలో రాసి, అది పూర్తిచేశారో లేదో మళ్లీ చూడాలి. ఎస్‌ఏపీ అవ్వాలంటే అప్పటికే డాక్టరో, లైసెన్సున్న సైకాలజిస్టో, సోషల్ వర్కరో, గుర్తింపున్న అడిక్షన్ కౌన్సిలరో అయ్యుండాలి, దానిమీద ట్రైనింగు, పరీక్ష, ఆపైన మూడేళ్లకోసారి 12 గంటల చదువు. భీమవరంలో ఆ కాగితం పెట్టుకుని మీరు చేసే పని ఒక్కటి లేదు. మన ఆర్టీసీ డిపోలో బస్సు తీసే ముందు డ్రైవర్ చేత మిషన్లో ఊదిస్తారు చూడండి, దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఆ అమెరికా వాళ్ల దగ్గర కాపీ కొట్టదగ్గది ఒకటుంది. మనిషి డ్యూటీలోకి వచ్చాక మొదటి ఏడాది ముందు చెప్పకుండా కనీసం ఆరుసార్లు టెస్ట్ చేస్తారు, అంటే మానేశాడులే అని వదిలెయ్యరు. మన దగ్గర సెంటర్ నుంచి వచ్చిన రోజు దండేసి ఫొటో తీసి, మర్నాటికి మర్చిపోతారు.

సీఈఏపీ అని ఇంకోటి కనబడుతుంది, ఉద్యోగుల సహాయ కార్యక్రమాలు నడిపేవాళ్లకి ఈఏపీఏ అనే సంఘం ఇచ్చేది, అది అసలైనదే. 1971లో ఆ సంఘం పెట్టినప్పుడు దాని పేరులోనే ఆల్కహాలిజం ఉండేది, ఫ్యాక్టరీల్లో తాగుడు గొడవ నుంచే ఈ వృత్తి పెరిగింది. హైదరాబాద్ వెళ్లి ఐటీ కంపెనీల్లో చేద్దామనుకుంటే అప్పుడు చూసుకోవచ్చు.

ఇక నా సంగతి. తణుకు పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో కౌన్సిలర్‌గా చేరాను, చేతిలో ఎంఎస్‌డబ్ల్యూ, నాలుగు రోజుల సర్టిఫికెట్. దాళ్వా ధాన్యం దిగే రోజులు, లారీలు రోడ్డు దాకా వరస కట్టి ఉండేవి, బాయిలర్ రాత్రీ పగలూ ఆగేది కాదు. అక్కడ ఊక ఎగదోసే ఒక బాబాయి ఉండేవాడు, యాభై దాటిన మనిషి, మంచి పనిమంతుడు. పొద్దున్న టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నా సగం సాసర్లోకి ఒలికిపోయేది. నేను చూశానండి. చూసి కూడా నోట్సులో రాయలేదు. నాకు తెలిసింది మాట్లాడటం ఒక్కటే కదా, నాలుగు వారాలు బాగా మాట్లాడాను, ఆయన కూతురి మీద ఒట్టేసి ‘అమ్మాయ్, ఇవాళ్టితో సరి’ అన్నాడు. నాకు ఎంత గర్వమో. సెలవిప్పించి ఆచంట వైపు వాళ్ల ఊరు పంపించాను.

మూడో రాత్రి వాళ్లావిడ ఫోన్ చేసింది. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేస్తున్నాడంట, గిన్నెలో ఏమీ లేదు. ఎప్పుడో అమ్మేసిన ఎద్దుల్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఒళ్లంతా చెమట. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని అంత్రం కట్టించారు, దాంతో ఒక పూట పోయింది. ఆసుపత్రికి చేర్చేసరికి తెల్లారింది. బతికాడు. డాక్టరుగారు ‘రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా ఆపమని చెప్పిన మేధావి ఎవరు’ అన్నారు. నేనేనండి అన్నాను.

రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో ఈ మతి తప్పడం వస్తుంది, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు పోతాయి. మందులతో, థయామిన్ అనే బి1 విటమిన్‌తో, డాక్టర్ చూస్తుండగా ఆపించాలి. నేను చదివిన కోర్సులో ఇది ఒక్క స్లైడు. ఆ బాయిలర్ని చూసుకునే అటెండెంటు అవ్వాలంటే ప్రభుత్వం పెట్టిన పరీక్ష పాసవ్వాలి, ఆ బాబాయిని మాన్పించే నన్ను మాత్రం అడిగినవాడు లేడు.

తర్వాత ఉద్యోగం మానేసి, సగం జీతానికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే 15 పడకల డీఅడిక్షన్ సెంటర్లో చేరాను, వీటిని ఐఆర్‌సీఏ అంటారు. మీకూ నేను చెప్పేది అదే, ఆర్నెల్లయినా సరే, ముందు వార్డులో పని చేయండి. అక్కడ చేరితే ట్రైనింగ్ మీ దగ్గరికే వస్తుంది, ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ ఈ సెంటర్ల సిబ్బందికి శిక్షణలు పెట్టిస్తుంది. చెన్నైలో 1980లో మొదలైన టీటీకే ఆసుపత్రి వాళ్లు కౌన్సిలర్లకి నేర్పడంలో పాతకాపులు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ల అడిక్షన్ మెడిసిన్ సెంటర్ ఆన్‌లైన్‌లో కూడా పాఠాలు చెబుతుంది. అంతర్జాతీయ సర్టిఫికెట్ అనే కోరిక తీరాలంటే కొలంబో ప్లాన్ అనే దేశాల కూటమి వాళ్లు అడిక్షన్ కౌన్సిలర్లకి ఇచ్చే ఐకాప్ ఉంది, మూడు స్థాయిలు, పని చేసిన అనుభవం చూపించి పరీక్ష రాయాలి, కాబట్టి అదీ వార్డు తర్వాతే. ఇంకో జాగ్రత్త, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ లేకుండా కార్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని వేయించుకోకండి. మీరు చేరే సెంటరు మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్టరైందో లేదో కూడా కనుక్కోండి, గొలుసులు వేసే చోట మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇక ప్లాంటులో మీకొచ్చే అసలు చిక్కు చదువు కాదు, కుర్చీ. మీరు హెచ్‌ఆర్. మెమో ఇచ్చే చేత్తోనే భుజం తడతానంటే ఎవడు నమ్ముతాడండి? మిల్లులో మేనేజరుగారు టీ తాగుతూ మామూలుగా అడిగేవారు, ‘ఎవరెవరొస్తున్నారమ్మా నీ దగ్గరికి’ అని. నేను లెక్క చెప్పేదాన్ని, పేర్లు చెప్పేదాన్ని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యంలోకే వస్తాయి, 23వ సెక్షన్ ఆ మనిషి వివరాలు గుట్టుగా ఉంచే హక్కు ఇస్తుంది. ఇది ముందే కాగితం మీద రాయించుకోండి, ఏది చెప్తారు, ఏది చెప్పరు, ప్రాణం మీదకొస్తే ఎవరికి చెప్తారు. కుదిరితే వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టు అడగండి, 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది ఉంటే ఆ పోస్టు ఉండాలని ఉండేది, దాని బదులు వచ్చిన 2020 కార్మిక భద్రతా కోడ్‌లో దాన్ని 250కి తగ్గించారు. అదీ మేనేజ్‌మెంట్ కుర్చీయే, కాకపోతే మెమో చెయ్యి కాదు. అన్నట్టు మగాళ్లు నాకు ఏమీ చెప్పేవారు కాదండి, ఆయ్, అంతా బానే ఉందండి అనేవారు. క్యారేజీ తెచ్చిన భార్యలు గేటు దగ్గర నిలబడి చెప్పేవారు. మీ ప్లాంటులో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి సగం సమాచారం పీలింగ్ షెడ్డులోనే ఉంటుంది.

ఇప్పుడు మీ ఆఖరి ముక్క. ఐస్ ప్లాంటులో ఒకాయన పొద్దున్నే చేతులు వణుకుతూ వస్తున్నాడని, పది రోజులు జీతంతో సెలవిచ్చి ఇంట్లో పెట్టి మాన్పిద్దామని మీ పైవాళ్లు అంటున్నారని రాశారు. ఆ సెలవు ఇవ్వండి, ఇంటికి మాత్రం పంపకండి. సైకియాట్రిస్ట్ ఉన్న ఆసుపత్రికి మీరే వెంట వెళ్లండి. రోజుకెంత, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎన్ని గంటలకు, ఇదివరకు ఎప్పుడైనా ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, ఈ నాలుగూ అడిగి చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వండి. మాట సాయానికి 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) ఉన్నాయి. డాక్టరు చూసేదాకా ఆపెయ్యమని మీరు అనకండి, ఎవర్నీ అననివ్వకండి. వాళ్లావిడ నంబరు తీసుకుని, మీ నంబరు ఆవిడకివ్వండి. రేపే వెళ్లండి, ఏమన్నారో ఇక్కడ రాయండి.