యార్క్‌లో పాత ఇల్లు కొంటున్నాం: అమ్మేవారు చేసిన మార్పులకు మేం బాధ్యులమా?

ప్రశ్న: నేను, నా భర్త యార్క్‌లో ఉద్యోగాలు చేస్తూ మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. కోటగోడ లోపల, మిన్‌స్టర్ చర్చికి నడిచి వెళ్లేంత దూరంలో పద్దెనిమిదో శతాబ్దపు ఇల్లొకటి 3,40,000 పౌండ్లకు బేరం కుదిరింది. అది గ్రేడ్-2 లిస్టెడ్ భవనం, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ రక్షిత జాబితాలో చేర్చినది. వీధివైపు చెక్క కిటికీలు తీసేసి ప్లాస్టిక్‌వి బిగించారు. కింది గదుల మధ్య గోడ కూడా తొలగించారు. అనుమతి కాగితాలు లేవు. ‘పన్నెండేళ్లయింది, ఇక ఎవరూ అడగరు’ అంటున్నారు అమ్మేవారు. మేం పూజకోసం గోడలో గూడు తొలిపించాలని, వంటింట్లో పొగ బయటికి పోయే ఫ్యాను పెట్టించాలని అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో నాన్నగారు నా పేరిట గిఫ్టు రిజిస్ట్రేషన్ చేసిన ఫ్లాటు ఉంది. చిక్కులేమైనా వస్తాయా? – ఒక పాఠకురాలు

జవాబు: వస్తాయి. కానీ మీరు సరైన సమయంలో అడిగారు. ఇంగ్లండులో బేరం కుదిరినంత మాత్రాన ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదు. సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇరుపక్షాలూ మార్చుకున్నాకే ఒప్పందం బిగుసుకుంటుంది. సాధారణంగా ధరలో పది శాతం అడ్వాన్సు కూడా అప్పుడే కడతారు. అప్పటిదాకా మీరు అడగవచ్చు, తగ్గించమనవచ్చు, వద్దనవచ్చు.

పన్నెండేళ్ల మాట నమ్మకండి. మామూలు ఇళ్ల విషయంలో అనుమతి లేని నిర్మాణంపై చర్యకు గడువు ఉంది, ఇప్పుడది పదేళ్లు. లిస్టెడ్ భవనాలకు 1990 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. అందులో అలాంటి గడువే లేదు. అనుమతి లేకుండా పని చేసినవారు, చేయించినవారు నేరస్తులు. రెండేళ్లదాకా జైలు, పరిమితి లేని జరిమానా పడవచ్చు. ఆ నేరం మీకు అంటదు. అయితే ఇంటిని పూర్వస్థితికి తెమ్మనే నోటీసు మాత్రం అది జారీ అయ్యేనాటికి యజమాని ఎవరైతే వారికే వస్తుంది. దాన్ని పాటించకపోతే అది మీ సొంత నేరమవుతుంది. ఇల్లు కొనేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే: తప్పు మనిషితో పోదు, ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది.

కిటికీలైతే ఇట్టే దొరికిపోతాయి. పాత చెక్క కిటికీ తలుపు పైకీ కిందికీ జారుతుంది. దాన్ని తేల్చే తాడు, బరువు చట్రంలోపల దాగి ఉంటాయి. ప్లాస్టిక్ కిటికీకి చట్రం దళసరిగా ఉంటుంది, అద్దాన్ని గడులుగా చూపే పట్టీలు చాలాసార్లు పైపైన అతికించినవే. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) వారసత్వ అధికారి వీధిలో నిలబడే పసిగట్టగలరు. లోపలి గోడ ఎవరికి కనిపిస్తుందిలే అనుకోవద్దు. లిస్టింగ్ లోపలికీ బయటికీ సమానంగా వర్తిస్తుంది, గ్రేడ్-2 అయినా సరే.

ముందుగా పాత కట్టడాల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో ఈ ఇంటి వివరణ చదవండి. అందులో చెక్క కిటికీల ప్రస్తావన ఉంటే, మార్పు లిస్టింగ్ తర్వాతే జరిగిందనడానికి బలమైన ఆధారం. ఎవరు, ఏ ఏడాది చేయించారో మీ సొలిసిటర్ (ఇంటి కొనుగోలు కాగితాలు చూసే న్యాయవాది) ద్వారా రాతపూర్వకంగా అడిగించండి. అమ్మేవారు తప్పుడు జవాబు ఇస్తే తప్పుడు సమాచారంపై ఉన్న 1967 చట్టం కింద నష్టపరిహారం కోరవచ్చు. నోటిమాటగా చెప్పినదాన్ని రుజువు చేయడం కష్టం.

నా సలహా ఇది. కిటికీలకు వడ్రంగి అంచనా తీసుకుని అంత మొత్తం ధరలో తగ్గించమనండి. గోడ విషయంలో రాజీ పడకండి. అది పైఅంతస్తు బరువు మోసినదేమో స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. తొలగింపును అలాగే ఉంచుకునే అనుమతి అమ్మేవారే తేవాలని పట్టుబట్టండి. దరఖాస్తుకు కౌన్సిల్ ఫీజు లేదు, మామూలుగా ఎనిమిది వారాల్లో తేలుతుంది. పాత నేరాన్ని అది తుడిచివేయదు, కానీ ఆనాటినుంచి మార్పు చట్టబద్ధమవుతుంది. ‘ఇలాంటి అనుమతి లోపాలకు బీమా తీసుకుంటే చాలు’ అని ఎవరైనా అనవచ్చు. బీమా నోటీసును ఆపదు, ఖర్చు మాత్రమే భరిస్తుంది. పైగా కౌన్సిల్‌కు ఒక్క ఫోను చేసినా చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు. కాబట్టి ఏ దారి పట్టాలో సొలిసిటర్‌తో తేల్చుకున్నాకే కౌన్సిల్ గడప తొక్కండి.

పూజగది గురించి బెంగ వద్దు. చెక్క మందిరం తెచ్చి నిలబెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గోడ తొలిస్తే కావాలి. వంటింటి ఫ్యానుకు బయటిగోడకు కన్నం పెట్టాలంటే కూడా అంతే. గాలిని వడగట్టి లోపలికే వదిలే హుడ్‌కు కన్నం అక్కర్లేదు గానీ, మన తాళింపు ఘాటుకు అది చాలదు. పాత పొగగొట్టంలోంచి గొట్టం తీయవచ్చేమో చూపించి, అలా దరఖాస్తు చేయండి.

పెరట్లో గది వేసే ఆలోచన ఉంటే ఇంకో మాట. కాంటర్‌బరీ, చెస్టర్, ఎక్సెటర్, హెరిఫర్డ్‌లతో పాటు యార్క్ నగర మధ్యభాగం కూడా 1979 చట్టం కింద పురావస్తు ప్రాంతం. పునాది తవ్వడానికి ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు నోటీసివ్వాలి.

ఇక మీరు చివర్లో రాసిన ఫ్లాటే ఎక్కువ ఖరీదైన చిక్కు. ఇంగ్లండు స్టాంపు డ్యూటీకి ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా ఇల్లే. దాని విలువ 40,000 పౌండ్లకు చేరితే కొత్త ఇంటి పూర్తి ధరపై అదనంగా ఐదు శాతం కట్టాలి. మీ ఇద్దరికీ ఇదే మొదటి ఇల్లయితే ఇప్పటి రేట్లలో 2,000 పౌండ్లతో పోయేది. ఫ్లాటు వల్ల 24,000 అవుతుంది. మీ భర్త ఒక్కరి పేరిట కొన్నా తప్పదు, కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఒకటిగానే లెక్కిస్తారు. ‘అది నిజానికి నాన్నగారిదే’ అన్న మాట రిజిస్టరైన గిఫ్టు డీడు ముందు నిలవదు. నిజంగా నాన్నగారికే తిరిగి ఇచ్చే ఉద్దేశం ఉంటే, యార్క్ ఇల్లు మీ చేతికి వచ్చే రోజుకల్లా ఆ రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. అప్పుడు 7,000 అవుతుంది. మొదటి ఇంటి రాయితీ మాత్రం తిరిగి రాదు. కాగితం మీద ఇచ్చి అద్దె మీరే తీసుకునే ఏర్పాటు చేయకండి. ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లో పన్ను రిటర్ను వేయాలి, ఫ్లాటు సంగతి సొలిసిటర్‌కు ఈ వారమే చెప్పండి.