నదిలో నీళ్లు లేవంటే అది పాటు సమయం

మీరు ఈ రోజు ఒంటిగంటకు పాత రేవుకు వెళ్తే అంతా బురదే ఉందని, పడవ లేదన్నారని రాశారు. టెన్షన్ పడకండి, నది ఎండిపోలేదు. మీరు వెళ్లింది పాటు సమయంలో, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు. సముద్రానికి దగ్గరగా ఉన్న నదిలో నీళ్లు సముద్రంతో పాటే పెరుగుతాయి, తగ్గుతాయి. నీళ్లు బాగా పెరగడాన్ని పోటు అంటారు. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రెండుసార్లకు సుమారు 24 గంటల 50 నిమిషాలు, కాబట్టి రేపు ఇదే బురద సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. రేపు ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య వెళ్లి చూడండి, రేవు నిండుగా ఉంటుంది. పడవవాళ్లను ముందే అడగడం మేలు. ఆన్‌లైన్‌లో పోటుపాట్ల పట్టిక దొరుకుతుంది కానీ, అది నదీముఖం దగ్గరి టైమ్ అయితే లోపలి రేవుకు పోటు కాస్త ఆలస్యంగా చేరుతుంది.

పౌర్ణమికి, అమావాస్యకు అటూఇటూ రోజుల్లో పోటు మరీ ఎక్కువ. రేవు అంచున కారు పార్క్ చేయకండి!

అయినా ఆ బురద సమయం వృథా కాదు. నీళ్ల కింద దాగే పాత మెట్లు, ఓడలు కట్టే గుంజలు అప్పుడే బయటపడతాయి. నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది.