ప్రియదర్శినిలో ఏం కనిపిస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ సైకాలజీ రెండో సంవత్సరం. టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టి సినిమాలు చూస్తుంది, భారతం కథలు వింటుంది, ఏవేవో నోట్సు రాసుకుంటుంది. అడిగితే ‘ఇదీ చదువేనమ్మా’ అంటోంది. నాకేమో టెన్షన్. నమ్మమంటారా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: నమ్మండమ్మా. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఫిలాసఫీ చెప్పాను. ‘తన్ను తాను తెలుసుకోవడం’ అనే పాఠం ఎత్తుకోగానే సగం మంది కిటికీ వైపు చూసేవారు. ఒక ఏడాది పుస్తకం మూసేసి, 1957 నాటి ‘మాయాబజార్’ సినిమాలోని ప్రియదర్శిని అనే మాయపెట్టె గురించి అడిగాను. మూత తీసినవారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది కదా. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ‘మీరు తెరిస్తే ఏం కనిపిస్తుంది? పేరు లేకుండా చీటీ మీద రాయండి’ అన్నాను.

దాదాపు అన్నిట్లోనూ ‘అమ్మ’ అనే ఉంది. ఒక్క చీటీలో మాత్రం ‘అమ్మ’ అని రాసి, పెన్సిల్‌తో గట్టిగా కొట్టేసి, కింద చిన్న అక్షరాల్లో ‘ఫస్ట్ ర్యాంకు’ అని ఉంది. అది చదివాక క్లాసులో ఎవరూ కిటికీ వైపు చూడలేదు. మనకు ఇష్టమైనది వేరు, ఇష్టమని పైకి చెప్పుకునేది వేరు. సైకాలజీలో ఎన్నో పేజీలు ఆ కొట్టివేత గురించే.

మరి శ్రీకృష్ణుడికి శకుని ఎందుకు కనిపించాడు? దాని మీద గంటసేపు వాదించుకున్నారు. కౌరవుల్ని లోపలి నుంచి కూల్చేవాడు కాబట్టి అన్నాడొకడు. రోజంతా మనసులో మెదిలేది శత్రువే కదా మేడం అంది ఇంకొక అమ్మాయి. బెల్ కొట్టినా లేవలేదు.

అయితే ఒక మాట. కథ దగ్గరే ఆగిపోకూడదు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఆమెను జనం ఎందుకు కల్పించుకున్నారో వెతకాలి. కొడుక్కి తల్లి మీద ఆకర్షణ, తండ్రితో పోటీ ఉంటాయని ఈడిపస్ పేరుతో ఫ్రాయిడ్ చెప్పిన సిద్ధాంతం చదివితే, ఆ ఈడిపస్ కథతో ప్రాచీన గ్రీకు రచయిత సోఫోక్లిస్ రాసిన నాటకమూ చదవాలి. తండ్రిని చంపుతావన్న జోస్యానికి భయపడి, పెరిగిన ఇల్లు వదిలి పారిపోయినవాడు ఈడిపస్! స్టాటిస్టిక్స్ పేపరుకు మాత్రం ఏ సినిమా సాయపడదు, అది కూర్చుని చేయాల్సిందే.

ఈ ఆదివారం ఇద్దరూ కలిసి ‘మాయాబజార్’ చూడండి. మీరూ ఒక చీటీ రాయండి. శకుని గురించి మీ అమ్మాయి ఏమంటుందో నాకు తప్పకుండా రాసి పంపండి.