బాకీ సొమ్ముకు కోర్టా, పోలీస్ స్టేషనా?

ప్రశ్న: మా వారి చిన్నాన్న కొడుకు ఆటోనగర్‌లో వర్క్‌షాపు పెట్టుకుంటానంటే, రెండున్నరేళ్ల క్రితం ప్రోనోటు రాయించుకొని రూ.4 లక్షలు అప్పిచ్చాను. నిరుడు రూ.60 వేలు కట్టి నోటు వెనుక చెల్లు వేశాడు. తర్వాత షాపు మూతపడింది. మిగతా బాకీకి ఇచ్చిన చెక్కు పది రోజుల క్రితం బౌన్స్ అయింది. పోలీసులేమో ఇది సివిల్ వ్యవహారమని పంపేశారు. మోసం నేరం కాదా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మోసం నేరమేనమ్మా, కానీ అప్పు తీర్చకపోవడమల్లా మోసం కాదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద కేసు నిలవాలంటే, డబ్బు తీసుకున్ననాడే అతనికి దురుద్దేశం ఉందని, సహేతుకమైన సందేహానికి తావు లేకుండా, ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. లేని షాపుకు దొంగ అద్దె పత్రం చూపి సొమ్ము తీసుకుంటే సంగతి వేరు. నిజంగా షాపు నడిపి, నష్టపోయి, మధ్యలో కొంత కట్టినవాడిపై ఆ నేరం నిలవడం కష్టం. సివిల్ దావాలో అతని ఉద్దేశంతో పని లేదు. ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూసి కోర్టు డిక్రీ ఇస్తుంది, అతను కట్టకపోతే ఆస్తి జప్తుకు వెళ్లవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది గడువు. ప్రోనోటు బాకీకి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ నోటు ఇప్పుడే తిప్పి చూడండి: చెల్లు అతని చేతిరాతలో గానీ, అతని సంతకంతో గానీ ఉంటే, కట్టిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కిస్తారు, రెండూ లేకపోతే మీకు మిగిలింది ఆరు నెలలే. స్టేషన్ చుట్టూ తిరిగిన రోజులను ఎవరూ మినహాయించరు.

చెక్కు విషయం ఇంకా తొందర. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసివ్వాలి. అది అందిన 15 రోజుల్లో అతను చెల్లించకపోతే, ఆపై నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో మీరే ఫిర్యాదు చేయవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సివిల్ దావా దీనితోపాటే నడపవచ్చు.

స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది కాబట్టి, విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఈ వారమే వెళ్లండి. నోటు, చెక్కు, బ్యాంకు మెమో వెంట ఉంచుకోండి. అసలు కాగితాలు మాత్రం రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వవద్దు.